దారులు మూసుకున్న రోజుల్లో గీజ్ చదువు

ఇథియోపియాలో ఉన్నప్పుడు చర్చి బడిలో పిల్లల పక్కన కూచుని, అక్కడి ఆరాధనల్లో వాడే పాత భాష గీజ్ నేర్చుకున్నానంటే మావాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. అక్కడ యుద్ధం కదా, అప్పుడే పుట్టిందా నీకీ సరదా అని ఒకటి. నువ్వు లూథరన్‌వి, వాళ్లు ఆర్థడాక్స్, నిన్నెలా రానిచ్చారని ఇంకోటి. రెండో దానికి జవాబు చిన్నది, తర్వాత చెబుతాను. మొదటిదానికి మాత్రం ఆ బడి ఎలా నడుస్తుందో, యుద్ధం దాన్ని ఎక్కడ పట్టుకుందో చెబితే గానీ అర్థం కాదు.

నాది గుంటూరు. స్టాటిస్టిక్స్ చెప్పడానికి 2019లో గోండర్ వెళ్లాను. ఇథియోపియా యూనివర్సిటీల్లో తెలుగువాళ్లు చాలామందే పనిచేశారు. కాంట్రాక్టు, పొడిగింపు, మళ్లీ పొడిగింపు, ఇలా సాగిపోతుంది. గోండర్ కొండల మధ్య చల్లటి ఊరు. 1636లో ఫాసిలదస్ రాజు రాజధాని చేసుకున్నాడు, ఆయన కట్టించిన కోటలు చూడ్డానికే టూరిస్టులు వస్తారు. ఊరివాళ్లు మాత్రం కోటల ఊసెత్తరు, చర్చిల సంగతే చెబుతారు. నలభై నాలుగు ఉన్నాయంటారు. ఎవరినడిగినా అదే అంకె. పేర్లు చెప్పమంటే మాత్రం సగం దాటాక తడుముకుంటారు.

మా ఇంటి ఓనరమ్మని అందరూ 'ఎత్యే' అని పిలిచేవాళ్లు, మనం అక్కయ్యా అన్నట్టు. రోజూ పొద్దున్నే ఆవిడ గేటు బయట ఒక గొంతు వినిపించేది: 'బెయింతె స్మా లె మర్యామ్'. మరియ పేరు మీద ఇంత పెట్టండి అని. భుజాల మీద గొర్రెతోలు, కుక్కల్ని అదిలించడానికి ఓ కర్ర, చేతిలో అల్లిన సంచి. పదహారు పదిహేడేళ్ల కుర్రాడు. ఎత్యే ఇంజెరా ముక్కలు, అంటే అక్కడి పుల్లట్టు లాంటి రొట్టె, సంచిలో వేసేది, అతను ఆశీర్వాదం లాంటిదేదో గొణిగి పక్కింటికి పోయేవాడు. వీళ్లని 'యెకోలో తెమారి' అంటారు. కోలో అంటే వేయించిన బార్లీ గింజలు. అవి నమిలి బతికే విద్యార్థులన్నమాట.

మా తాతయ్య తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల సంగతులు విని పెరిగాను కాబట్టి నాకిది పెద్ద వింతగా తోచలేదు. కాకపోతే ఇక్కడ ఫలానా రోజుకి ఫలానా ఇల్లు అని కుదుర్చుకోవడం ఉండదు. ఏ గుమ్మం ముందైనా నిలబడాల్సిందే. ఇంట్లో గొడ్డూ గోదా, పొలం ఉన్న రైతు కొడుకైనా సరే, బడికి వచ్చాక అడుక్కునే తినాలి. అది చదువులో భాగం. చాలామంది ఇంట్లో చెప్పకుండా, సొంత ఊరికి దూరంగా వచ్చేస్తారు. దగ్గర్లో ఉంటే తల్లి వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతుందని.

2020 నవంబరు 4న, దేశానికి ఉత్తరాన ఉన్న టిగ్రాయ్‌లో, కేంద్ర ప్రభుత్వానికీ ఆ ప్రాంతపు పాలకులకీ మధ్య యుద్ధం మొదలైంది. ఆ నెల మధ్యకి రాకముందే ఒక రాత్రి గోండర్, బాహిర్‌దార్ విమానాశ్రయాల మీద రాకెట్లు పడ్డాయి. మా ఇంటికి చప్పుడు వినిపించింది. గుంటూరు నుంచి ఫోన్లు, వచ్చెయ్ వచ్చెయ్ అని. వచ్చేద్దామంటే జీతం బకాయి, చేతిలో టికెట్ డబ్బుల్లేవు, పైగా కోవిడ్. సగం ఖాళీ క్లాసులు చెప్పి ఇంటికొస్తే సాయంత్రాలు గడిచేవి కావు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చేతులకీ నోటికీ ఏదో ఒక పని కావాలి. ఆ గొర్రెతోలు కుర్రాణ్ని ఓ పొద్దున ఆపి, నువ్వు చదివేది నాకు చూపిస్తావా అని నా వచ్చీరాని అమ్హారిక్‌లో అడిగాను. అతను భయపడ్డాడనుకుంటా. ఎత్యే మధ్యలోకొచ్చి, ఈవిడ మన హింద్ టీచరు, మంచిదే, తీసుకెళ్లు అంది.

అతని గురువు ఒక చర్చి ఆవరణలో పెద్ద చెట్టు కింద తెల్లటి దుప్పటి కప్పుకుని కూచునేవారు. గురువుని ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'యెనేతా' అంటారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పెళ్లయిందా, పిల్లలెందరు, ఉపవాసాలుంటావా, ఏ చర్చి అని వరసగా అడిగారు. లూథరన్ అనగానే చుట్టూ ఉన్న కుర్రాళ్లు 'పెంతే' అని గుసగుసలాడారు. ప్రొటెస్టెంట్లందర్నీ అక్కడ అలాగే అంటారు, అందులో కొంచెం ఎత్తిపొడుపు కూడా ఉంటుంది. యెనేతా మాత్రం, "అక్షరాలిస్తాను. కుర్బాన్ మాత్రం అడక్కు" అన్నారు. కుర్బాన్ అంటే మన చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం. ఆర్థడాక్స్‌లో బాప్తిస్మం పొందనివాళ్లకి అది ఇవ్వరు. నేను అడగనన్నాను. నా అడ్మిషన్ అంతే. ఫీజు లేదు, ఫారం లేదు. నెతెలా, అంటే పల్చటి తెల్ల నూలు శాలువా, కప్పుకుని రావాలి, చెప్పులు బయట విప్పాలి, ఆడవాళ్ల వైపే కూచోవాలి.

మొదటి మెట్టు 'నెబాబ్ బేత్', అంటే చదవడం నేర్పే బడి. అట్టముక్కకి అంటించిన అక్షరాల పటం, అక్షరం మీద పెట్టి చూపించుకోడానికి ఒక గడ్డిపుల్ల ఇచ్చారు. గీజ్‌లో 26 హల్లులు, ఒక్కోదానికి ఏడు రూపాలు, మొత్తం 182. హ దగ్గర మొదలుపెట్టి గుణింతం వల్లించినట్టే వల్లిస్తారు. గుణింతం తెలిసినదాన్ని, నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. నాకు పాఠం చెప్పడానికి ఒక పదేళ్ల పిల్లని పెట్టారు. ఆ బళ్లలో గురువు పెద్ద విద్యార్థులకి చెబుతారు, వాళ్లు కిందివాళ్లకి, కిందివాళ్లు ఇంకా కిందివాళ్లకి. నేను అన్నిటికంటే కింద. ఆ పిల్ల చాలా కచ్చితమైన టీచరు. పటం బోర్లించేసి, ఇప్పుడు చెప్పు అనేది.

హ హు వచ్చాక 'అబుగీదా' పెడతారు. అ, బు, గీ, దా, హే, వ్, జో. అంటే మొదటి హల్లు మొదటి రూపంలో, రెండోది రెండో రూపంలో, మూడోది మూడో రూపంలో, ఇలా ఐమూలగా పోతుంది. వరసలో కంఠస్థం చేసినవాడు ఇక్కడ దొరికిపోతాడు. అక్షరం కళ్లతో గుర్తుపట్టినవాడే గట్టెక్కుతాడు. ఎవరు కనిపెట్టారో గాని, నా ఎమ్మెస్సీ విద్యార్థులకి కూడా ఇలాంటి పరీక్ష పెట్టాలనిపించింది.

తర్వాత యోహాను రాసిన మొదటి పత్రిక. సండే స్కూల్లో తెలుగులో బట్టీ పట్టిందే కాబట్టి అర్థం ముందే తెలుసు, అది నాకు కలిసొచ్చింది. మిగతా పిల్లలకి ఆ సాయం లేదు. గీజ్ ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు, వాళ్ల ఇంటి మాట అమ్హారిక్. అర్థం తెలియకుండానే ఉచ్చారణ నేర్చుకుంటారు. ఒకే పాఠాన్ని మొదట అక్షరం అక్షరం విడదీసి, తర్వాత కలిపి, ఆ తర్వాత ఎత్తుపల్లాలతో చదివిస్తారు. ఏ పదం ఎక్కడ లేవాలి, ఎక్కడ పడాలి అన్నదానికి నాలుగు రకాల నియమాలున్నాయి. మాట తప్పు లేకపోయినా ఊనిక తప్పితే మళ్లీ మొదటికి. దాని తర్వాత యోహాను సువార్త, ఆపైన 'దావిత్', అంటే కీర్తనల గ్రంథం. మన బైబిల్లో 150 కీర్తనలే, వాళ్లది 151. దాంతోపాటు ప్రవక్తల పాటలు, పరమగీతం, వారంలో ఒక్కో రోజుకి ఒక్కో భాగంగా ఉండే మరియ స్తుతి. దావిత్ పూర్తిచేసిన పిల్లాడికి ఊళ్లో చదువుకున్నవాడన్న పేరొస్తుంది. నేను ఆగింది అక్కడే. ఆ పైవన్నీ పక్కన కూచుని విన్నవి.

ఆ పైన ఉన్నదాన్నే మనం దైవశాస్త్ర విద్య అనాలి. ఒక కాలేజీ పెట్టి నాలుగేళ్లలో డిగ్రీ ఇచ్చే పద్ధతి కాదు. ఆడిస్ అబాబాలో అలాంటిదీ ఉంది, హోలీ ట్రినిటీ. 1960లలో మన కేరళ నుంచి వెళ్లిన ఫాదర్ వి.సి. శామ్యూల్ అక్కడ డీన్‌గా పనిచేశారు. కేరళలోని మలంకర చర్చి, ఇథియోపియా చర్చి ఒకే కుటుంబం కాబట్టి ఆ రాకపోకలు పాతవే. అయితే పల్లెల్లో చర్చిని నడిపేవాళ్లు ఎక్కువమంది ఈ చెట్టు కింది బళ్ల నుంచే వస్తారు. ముందు 'కిద్దాసే', అంటే ఆరాధన క్రమం. తర్వాత 'జేమా', సంగీతం. ఆరో శతాబ్దంలో టిగ్రాయ్‌లోని ఆక్సుమ్‌లో యారెద్ అనే ఆయన దీనికి ఆద్యుడని నమ్ముతారు. గీజ్, ఎజ్‌ల్, అరారాయ్ అని మూడే మూడు బాణీలు, వాటిలోనే ఏడాది పొడవునా పాడే పాటలన్నీ. ఆ పాటల గ్రంథం 'దిగ్వా'. పదాల పైన చిన్న చిన్న అక్షరాలతో స్వరం గుర్తులుంటాయి. పాటలు నేర్చుకుంటూనే పుస్తకాన్ని చేత్తో ఎత్తి రాసుకోవడం పాత పద్ధతి. ఆపైన 'అక్వాక్వమ్', అంటే చేతికర్ర, గజ్జెల వాయిద్యం, పెద్ద డోలుతో చేసే అడుగుల విద్య. ఆపైన 'కినే', ఆశుకవిత్వం. అన్నిటికన్నా పైన 'మెస్‌హాఫ్ బేత్', అంటే వ్యాఖ్యానం: పాత నిబంధన, కొత్త నిబంధన, సభాపితరుల గ్రంథాలు, సన్యాసుల గ్రంథాలు. ఒకే వాక్యానికి 'ఇంకో విధంగా' అంటూ పొరలు పొరలుగా అర్థాలు చెప్పుకుంటూ పోతారు. ఇవన్నీ చదవాలంటే పాతికేళ్లు పడుతుందంటారు. అన్నీ చదివినవాళ్లు అరుదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ విద్యలన్నీ ఒకచోట దొరకవు. ఒక్కోదానికి ఒక్కో పీఠం. దిగ్వాలో పట్టా కావాలంటే దక్షిణ గోండర్‌లోని బేతల్‌హేమ్ వెళ్లాలి. 'జిమ్మారే' అనే ఇంకో పాటల శాఖకి జుర్ అంబా. అక్వాక్వమ్‌కి గోండర్‌లోని బేయెతా మర్యామ్. కినేకి గోజ్జమ్‌లోనో, వాద్లాలోనో పేరున్న గురువులు. కిద్దాసేకి రెండు బాణీలుంటే అందులో ఒకటి దెబ్రె అబ్బాయ్‌ది, అది టిగ్రాయ్‌లో ఉంది. ఒక గురువు దగ్గర ముగించుకుని, సంచి భుజాన వేసుకుని, ఇంకో గురువు ఊరికి నడిచి పోవాలి. దారిలో ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. రోడ్డు, గుమ్మం. ఈ రెండూ ఉంటేనే ఈ చదువు. యుద్ధం వచ్చి మఠాలు కాలాయి, రాతప్రతులు పోయాయి అని బయటివాళ్లు రాస్తారు, అది నిజమే. నేను దగ్గర్నుంచి చూసినంతలో చదువుని ఎక్కువ నాశనం చేసింది మాత్రం చెక్‌పోస్టులు, మూసుకున్న తలుపులు.

మా చెట్టు కింద అద్వా నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. టిగ్రాయ్ వాడు. దెబ్రె అబ్బాయ్‌లో కిద్దాసే నేర్చుకుని, బేయెతాలో అక్వాక్వమ్ చదవడానికని గోండర్ చేరాడు. మధ్యలో కినే మీద మనసు పడి మా యెనేతా దగ్గర ఆగాడు. యుద్ధం మొదలైన రోజే టిగ్రాయ్‌కి ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. ఇంటివాళ్ల సంగతి ఏమీ తెలియదు. ఆ నవంబరు చివర్లో సియోన్ మరియ పండుగ ముందు ఆక్సుమ్‌లో, ప్రభుత్వం పక్షాన వచ్చిన పొరుగుదేశం ఎరిట్రియా సైనికులు జనాన్ని చంపిన సంగతి నెలల తర్వాత గానీ బయటికి రాలేదు. 2021 జనవరిలో దెబ్రె అబ్బాయ్‌లో జరిగిన ఊచకోత వీడియో ఎవరి ఫోన్లోనో తిరుగుతూ మా బడిదాకా వచ్చింది. అతను ఆ వీడియోలో కొండ ఆకారం చూసి ఊరు గుర్తుపట్టాడు. తనకి కిద్దాసే నేర్పిన గురువు బతికున్నాడో లేదో కనుక్కునే దారి లేదు. ఆ రోజు యెనేతా పాఠం ఆపలేదు. పాఠం మధ్యలో ఆ గురువు పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన మాత్రం చేయించారు.

అడుక్కోవడానికి వెళితే అతని యాస పట్టుకునేవారు. కొన్ని గుమ్మాలు తెరుచుకోవడం మానేశాయి. ఎత్యే తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. అయినా ఆవిడ అతనికి పెట్టేది, అయితే గేటు బయట కాకుండా లోపలికి పిలిచి, తలుపేసి పెట్టేది. వీధివాళ్లు చూస్తారని. భయపడుతూనే పెట్టేది. 2021 నవంబరులో దేశమంతా ఎమర్జెన్సీ ప్రకటించాక టిగ్రాయ్ వాళ్లని ఎక్కడపడితే అక్కడ పట్టుకెళ్లడం మొదలైంది. యెనేతా అతనికి ఒక ఉత్తరం రాసిచ్చి తానా సరస్సు దీవిలోని ఒక మఠానికి పంపేశారు. ఆ ఉత్తరం నాకు చూపించారు, చదవగలనో లేదో చూద్దామని. కూడబలుక్కుని చదివాను. అందులో అతని ఊరి పేరు లేదు, తండ్రి పేరు లేదు. ఎవరి దగ్గర దావిత్ చదివాడు, ఎవరి దగ్గర కిద్దాసే, ఎవరి దగ్గర కినే, అంతే. ఈ చదువులో ఎవరికైనా అడ్రసు అదే అని యెనేతా అన్నారు.

అదే ఏడాది ఆగస్టులో, చేవ ఉన్నవాళ్లందరూ సైన్యంలో చేరాలని ప్రధాని అబీ అహ్మద్ పిలుపునిచ్చారు. యుద్ధం గోండర్‌కి ఉత్తరాన దబాత్ దాకా వచ్చేసింది. కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఊరి బళ్లలో తలదాచుకున్నారు. వాళ్లకి పెట్టాలా, విద్యార్థులకి పెట్టాలా? ఎత్యే సంచిలో వేసే ముక్క చిన్నదవుతూ వచ్చింది. నూనె, ఇంజెరాకి వాడే తెఫ్ గింజల ధరలు చూసి నాకే గుండె గుభేలుమనేది. సాయంత్రానికి ఖాళీ సంచితో వచ్చిన కుర్రాళ్లు ముందురోజుల ఎండు ఇంజెరా నీళ్లలో నానబెట్టుకుని తినేవారు. కొంతమంది పాఠం మానేసి కూలికి పోయారు. ఇద్దరో ముగ్గురో ముందురోజు ఏమీ చెప్పకుండా సైన్యం లారీ ఎక్కేశారు.

యెనేతాకి ఇది కొత్త కాదు. ఆయన కుర్రాడిగా కినే చదివిన రోజుల్లో దేశాన్ని దెర్గ్ ఏలుతోంది. 1974లో చక్రవర్తిని దించి వచ్చిన సైనిక ప్రభుత్వం అది. పాట్రియార్క్, అంటే చర్చి అధిపతి, తెవోఫ్లోస్‌ని 1976లో జైల్లో వేసి 1979లో చంపేశారు. ఆయన అస్థికలు 1992లో గానీ దొరకలేదు. పైన చెప్పిన హోలీ ట్రినిటీ కాలేజీని కూడా ఆ ప్రభుత్వమే మూయించింది, దెర్గ్ పోయాక మళ్లీ తెరిచారు. పల్లె బళ్లని మాత్రం మూయించడం వాళ్లవల్ల కాలేదు. తాళం వేయడానికి తలుపుంటే కదా, అని ఆయన నవ్వేవారు. కుర్రాళ్లనే ఎత్తుకుపోయారు. సంతలోనో, పండుగ జనంలోనో మగపిల్లల్ని చుట్టుముట్టి లారీల్లో ఎక్కించడాన్ని 'అఫెసా' అనేవాళ్లు. అప్పట్లో తన గురువు రాత్రిపూట సమాధుల మధ్య పాఠం చెప్పేవారట, పగలు పశువుల కాపర్లతో కలిసి తిరగమనేవారట. ఆయన తోటివాళ్లలో వెనక్కి రానివాళ్ల పేర్లు కొన్ని నాకు చెప్పారు. చెప్పేటప్పుడు కూడా ఫలానావాడు కినేలో ఎక్కడిదాకా వచ్చాడు అన్నదే గుర్తుచేసుకునేవారు.

కినే గురించి కొంచెం చెప్పాలి. నన్ను ఆ బడికి కట్టేసింది అదే. విద్యార్థి రోజూ ఒక కొత్త పద్యం అల్లుకురావాలి, గీజ్‌లోనే. మొదట రెండు పాదాల 'గుబాయె కానా', తర్వాత మూడు పాదాలవి, అలా పెరుగుతూ ఆరు పాదాల 'సెల్లాసే', ఎనిమిది పాదాల 'మెవెద్దెస్'. పగలంతా ఒంటరిగా పొలాల వెంట తిరుగుతూ అల్లుకుని, సాయంత్రం గురువు ముందు నిలబడి చెప్పాలి. చర్చిలో ఒకసారి చెప్పిన కినే మళ్లీ చెప్పకూడదు. రాసుకుని దాచుకునే అలవాటు కూడా తక్కువ. పైకొక అర్థం, లోపల ఇంకో అర్థం ఉండాలి. పైదాన్ని మైనం అంటారు, లోపలిదాన్ని బంగారం. శ్లేషలు, ద్వ్యర్థి కావ్యాలు చదివిన మన పండితులెవరైనా అక్కడ కూచుంటే లేవరు. ఆడవాళ్లకి ఇది కొత్తేం కాదని కూడా యెనేతానే చెప్పారు. గోజ్జమ్‌లో కళ్లు కనపడని సన్యాసిని ఎమహోయ్ గెలానేశ్ కినే గురువుగా ఎంతోమందిని తయారుచేశారని. అందుకే నేనక్కడ కూచోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదేమో.

యుద్ధం కినేలోకి ఎలా వచ్చిందో ఒకటి చెబుతాను. నన్ను తీసుకెళ్లిన కుర్రాడిది దబాత్ దగ్గర పల్లె. సైన్యంలో చేరిన అన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు. ఓ సాయంత్రం అతను అబ్రాహాము, ఇస్సాకుల మీద పద్యం చెప్పాడు. తండ్రి కొడుకుని కొండమీదికి తీసుకెళ్లాడు, కత్తి ఎత్తాడు, పొట్టేలు రాలేదు, దారులు మూసేశారు కాబట్టి. ఇదీ భావం. బైబిల్లోనైతే చివరి క్షణంలో పొట్టేలు దొరికి కొడుకు బతుకుతాడు. ఎమర్జెన్సీ రోజులు, ఆవరణలో ఎవరు ఎవరి మనిషో తెలియదు. బైబిల్ కథ చెప్పినవాణ్ని ఎవరేం అనగలరు? కుర్రాళ్లంతా యెనేతా వైపు చూశారు. ఆయన మూడో పాదంలో ఒక మాట బరువు సరిపోలేదన్నారు, మార్చి చెప్పమన్నారు. మార్చి చెప్పాడు. సరే, కూచో అన్నారు. పద్యం బాగుందని గాని, తప్పని గాని అనలేదు.

చర్చి కూడా రెండుగా చీలింది. పాట్రియార్క్ అబునె మత్తియాస్ టిగ్రాయ్ మనిషే. 2021 మేలో ఆయన మాట్లాడిన వీడియో బయటికొచ్చింది, తన జనాన్ని నాశనం చేస్తున్నారని, తన నోరు నొక్కేశారని. అదే సమయంలో టిగ్రాయ్ బిషప్పులు ఆడిస్ అబాబా సినోడ్‌తో, అంటే చర్చిని నడిపే బిషప్పుల సభతో, తెగతెంపులు చేసుకుంటున్నామన్నారు. 2022 నవంబరు 2న ప్రిటోరియాలో శాంతి ఒప్పందం అయినా ఈ చీలిక మానలేదు. 2023 జులైలో ఆక్సుమ్‌లో వాళ్లు సొంతంగా బిషప్పుల్ని నియమించుకున్నారు, సినోడ్ వాళ్లని వెలివేసింది. బయటికి ఇది పెద్దవాళ్ల గొడవ. మా చెట్టు కింద అది చాలా చిన్న ప్రశ్నగా వచ్చింది: దెబ్రె అబ్బాయ్‌లో నేర్చుకున్న కిద్దాసే ఇక్కడ చెల్లుతుందా? యెనేతా విసుక్కున్నారు. బాణీకి బిషప్పుతో పనేమిటన్నారు. ఆయన అన్నారు గాని, ఊళ్లో ఒక చర్చి పెద్దలు మాత్రం అలాంటివాణ్ని పనిలో పెట్టుకోవడానికి వెనకాడారని తర్వాత విన్నాను.

ప్రిటోరియా తర్వాత కొన్నాళ్లు ఊపిరి పీల్చుకున్నాం. దీవిలో ఉన్న అద్వా కుర్రాడు ఇంటికి ఫోన్ చేయగలిగాడు. తల్లి ఉంది. గురువు లేరు. జనవరి తింకెత్ పండుగకి ఫాసిలదస్ కొలను దగ్గర జనం విరగబడ్డారు, నేనూ వెళ్లాను. ఇక అంతా సర్దుకుందనుకున్నాం.

2023 ఆగస్టులో ఇంకో యుద్ధం. ఈసారి ప్రభుత్వానికీ, గోండర్ ఉన్న అమ్హారా ప్రాంతపు ఫానో సాయుధులకీ. అంతకుముందు ఒకే వైపు పోరాడినవాళ్లే. గోండర్ వీధుల్లోనే కాల్పులు, విమానాలు బంద్, మళ్లీ ఎమర్జెన్సీ. మొదటి యుద్ధంలో మేం వెనక ఉన్నాం, ఇప్పుడు నడిబొడ్డున. ఎత్యే, నేను, ఆవిడ మనవలు వంటింటి గోడవారన పడుకున్నాం. విమానాలు మళ్లీ మొదలయ్యాయి గాని మొబైల్ డేటా నెలల తరబడి రాలేదు. జీతం సంగతి ఎత్తకపోవడమే మంచిది.

చదువు మాటకొస్తే, ఇది మొదటిదానికంటే ఎక్కువ దెబ్బకొట్టింది. ఎందుకంటే పైన చెప్పిన పీఠాలన్నీ దాదాపు ఇటే ఉన్నాయి. బేతల్‌హేమ్, జుర్ అంబా, గోజ్జమ్, అన్నిటి దారులూ ఒకసారే మూసుకున్నాయి. సంచి, కర్రతో నడిచే కుర్రాడు కనిపిస్తే సైనికులకి ఫానో వాడేమోనని అనుమానం. ఫానో వాళ్లకి వేగులవాడేమోనని అనుమానం. తోలు కప్పుకున్నవాణ్ని ఎవరూ ముట్టుకోరన్న పాత మర్యాద ఇప్పుడు లేదు. గోజ్జమ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు మా దగ్గర పూర్తిచేసుకుని ముందుకి పోలేక, వెనక్కి పోలేక అక్కడే ఉండిపోయారు. యెనేతా వాళ్లకి మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టారు. వచ్చిందే కదా అంటే, రెండోసారి చెబితే గట్టిపడుతుందన్నారు. ఇంకేం చేయగలరు?

పాఠాలు ఫోన్లో రికార్డు చేసి అటువైపు విద్యార్థులకి పంపుదామని నేనొకసారి సలహా ఇచ్చాను. నెట్ ఉన్న ఆఫీసు నుంచి నేను పంపిస్తానన్నాను. యెనేతా రెండు రికార్డు చేయనిచ్చి ఆపేశారు. వినేవాడు తప్పు చెబితే ఈ డబ్బా దిద్దుతుందా అని అడిగారు. నాకు అప్పుడు కొంచెం కోపం వచ్చింది, ఏమీ లేనిదానికంటే నయం కదా అని. ఇప్పటికీ ఆ అభిప్రాయమే. ఆయన మాట ఆయనదే.

2024లో నా కాంట్రాక్టు ముగిసింది. వచ్చేముందు దావిత్‌లో ఒక కీర్తన యెనేతా ముందు చదివాను. ఊనిక రెండుచోట్ల తప్పిందన్నారు.

ఇప్పటి సంగతులు ఫోన్ కలిసినప్పుడు తెలుస్తాయి. అద్వా కుర్రాడు సన్యాసం తీసుకున్నాడు, దీవిలోనే ఉంటానంటున్నాడు. పొట్టేలు పద్యం చెప్పినవాడు ఆడిస్ అబాబాలో ఒక చర్చిలో పాడుతున్నాడు, అన్న సంగతి ఇంకా తెలియదు. గోజ్జమ్ ఇద్దరిలో ఒకడు, ఏళ్ల తరబడి దిగ్వా చదివినవాడు, గోండర్‌లోనే ఆటో నడుపుతున్నాడు. అక్కడ ఆటోని బజాజ్ అనే అంటారు. యెనేతా అతనితో మాట్లాడ్డం మానేశారట. అడుక్కుంటే దొరకడం లేదు టీచర్, దారి తెరిచేదాకా ఇదే, బేతల్‌హేమ్ వెళ్తాను, అంటాడు అతను. పొద్దునపూట ఖాళీ ఉంటే సీట్లో కూచుని పాఠం చెప్పుకుంటున్నానంటాడు. పోయిన నెల చేసినప్పుడు దిగ్వా గురించి రెండు మాటలు చెప్పి, ఇది మీ దేశపు బండే కదా, కార్బురేటర్ అక్కడ ఎంతుంటుంది, ఇక్కడ దొరకడం లేదు, ఎవరైనా వస్తుంటే పంపించగలరా అని అడిగాడు. గుంటూరులో అడిగి ధర కనుక్కున్నాను. అటు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూస్తున్నాను.